మంచం పక్కన కుర్చీ

(పాఠకుల ప్రశ్నలు - ఆయమ్మ జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం "మంచి ఆయా ఉంటే నంబరు పంపండి" అనే. నేను ఏజెన్సీని కాదు నాయనా. నరసన్నపేట దగ్గర పల్లెలో పుట్టాను. శ్రీకాకుళంలో ఒక నర్సింగు హోములో ఆరేళ్ళు తుడిచాను, కడిగాను. ఆ తరవాత విజయనగరంలో ఇళ్ళల్లో ఇరవై రెండేళ్ళు మంచాల పక్కన కూర్చున్నాను. నాకు తెలిసిందంతా ఆ కుర్చీలో తెలిసిందే. మందులు మార్చమనీ మానమనీ నన్ను అడక్కండి, అవి డాక్టర్ని అడగాలి. మిగతా ఉత్తరాల్లో అయిదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: అప్పా, మాది వజ్రపుకొత్తూరు వైపు. ఇంటర్ మధ్యలో ఆపేశాను. ఏజెన్సీవాళ్ళు విజయనగరంలో ఒక మామ్మగారి దగ్గర పెట్టారు, ఇరవై నాలుగ్గంటల డ్యూటీ. ఆవిడకి పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రాదు. కానీ నన్ను చూస్తే చాలు "నీ జిమ్మడ" అని తిడుతుంది. స్నానం చేయించబోతే ఎడం చేత్తో కొడుతుంది. మొన్న తెల్లారగట్ల మూడోసారి పక్క తడిపేసరికి నేనూ అరిచేశాను. "నా ఖర్మ" అని ఆవిడ చెయ్యి విదిలించి కొట్టాను. మామ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఈ పనికి దయ ఉండాలంటారు అందరూ. నాకది లేదేమో. మానేయనా?
- పేరు వెయ్యొద్దు, విజయనగరం

జవాబు: తల్లీ, ముందు ఆ తిట్టు సంగతి చూద్దాం, ఎందుకంటే నువ్వు సగం ఏడుస్తున్నది దానికే.

కుడివైపు పడిపోయినవాళ్ళలో చాలామందికి మాట కూడా పోతుంది. మెదడులో ఎడమ పక్కే కుడి చేతినీ నడిపిస్తుంది, ఎక్కువమందికి మాటనీ అదే నడిపిస్తుంది. ఆ పక్క దెబ్బ తింటే రెండూ పోతాయి. చిత్రమేంటంటే, ఆలోచించి కూర్చుకునే మాటలు పోయినా, నోటికి అలవాటైపోయిన మాటలు కొందరికి మిగులుతాయి. దేవుడి పేర్లు, పాటలు, లెక్క, తిట్లు. "నీళ్ళు కావాలి" అని అనబోతే అది రాదు, నాలిక చివర సిద్ధంగా ఉన్న "నీ జిమ్మడ" వచ్చేస్తుంది. మన మామ్మలకి అదొక ఊతపదం కూడాను. మా అమ్మ నన్ను ముద్దు చేసేటప్పుడు కూడా ఆ మాటే అనేది.

గజపతినగరం వైపు రైతు ఒకాయన నా చేతిలో రెండేళ్ళు ఉన్నాడు. ఆయనకీ ఇలాగే. పెళ్ళాం పేరు రాదు, కొడుకు పేరు రాదు. ఒకరోజు పక్కగదిలో వాళ్ళ కోడలు బియ్యం కొలుస్తూ "లాభం, రెండు, మూడు" అంటుంటే ఈయన మంచం మీంచి "నాలుగు, అయిదు" అని అందుకున్నాడు. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చాం. ఆ మర్నాటి నుంచి ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి అదే మా లెక్క. "లాభం" అంటే ముందుకి వంగడం, "రెండు" అంటే కాళ్ళు నేలకి తన్ని పెట్టడం, "మూడు" అంటే లేవడం. ఒకటి అనకూడదు, లాభం అనాలి. ఒకటి అంటే కదిలేవాడు కాదు మహానుభావుడు.

అంచేత నువ్వు ఒక పాత నోటుబుక్కు తీసుకో. మూడు రోజులపాటు మామ్మ ఎప్పుడెప్పుడు తిట్టిందో రాయి. ఎన్నింటికి, అంతకుముందు ఏం జరిగింది, నువ్వేం చేశాక ఊరుకుంది. ఫాను గాలికి చలేసి అన్న జిమ్మడ వేరు, ఒంటికి వచ్చి అన్న జిమ్మడ వేరు. గొంతులో తేడా నీకే తెలుస్తుంది. కోపంతో అన్నవి కూడా కొన్ని ఉంటాయి. ఉండనీ. కాలూ చెయ్యీ మాటా ఒక్కరోజులో పోయినావిడకి ఆమాత్రం కోపం ఉండదా?

ఇక స్నానం. ఆవిడ ఎందుకు కొడుతుందో నాకు ఆ ఇల్లు చూడకుండానే కొంత తెలుసు. తలుపు ఓరగా ఉంటుంది. హాల్లో కొడుకు తిరుగుతూ ఉంటాడు. నువ్వు మనవరాలి వయసు పిల్లవి. చీర లాగేస్తావు, చెంబుడు నీళ్ళు గుమ్మరిస్తావు. నీళ్ళు వేడో చల్లో ఆవిడకి ముందు తెలీదు. నా చేత్తో నేనే అలా ఎంతమందికి పోశానో. ఇప్పుడు ఇలా చేసి చూడు. తలుపు గడియ వెయ్యి. తువ్వాలూ, మగ్గూ చూపించు. ఎడం చెయ్యి పట్టుకుని బకెట్లో ముంచు, నీళ్ళు సరిపోయాయో లేదో ఆవిణ్ణే తేల్చమను. మొహం కడుక్కోవడం ఆవిడకే వదిలెయ్, ఎడం చెయ్యి బాగానే ఉంది కదా, నిన్ను కొట్టడానికి ఉపయోగపడుతోంది కూడాను. కింద కడిగేటప్పుడు పైన తువ్వాలు కప్పి ఉంచు. ప్రతిసారీ ముందు చెప్పు, తరవాత ముట్టుకో: "మామ్మా, ఇప్పుడు వీపు", "మామ్మా, కాలు ఎత్తుతున్నాను". మొత్తమ్మీద పది నిమిషాలు ఎక్కువ పడుతుంది.

జాకెట్టు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. పడిపోయిన చెయ్యి పట్టుకుని గానీ చంకలో చెయ్యి వేసి గానీ పైకి లాగకు. ఆ పక్క భుజం వదులైపోయి ఉంటుంది, లాగితే కీలు జారుతుంది. ఆ నొప్పి చెప్పుకోవడానికి ఆవిడకి నోరు లేదు. నేను ఏళ్ళ తరబడి చంకలో చేతులు వేసే లేపాను, ఒక ఫిజియోథెరపీ అబ్బాయి గట్టిగా కేకలేసేదాకా. సగం మంది "కొట్టే" పేషెంట్లు భుజం నొప్పి పేషెంట్లేనేమోనని నాకు అనుమానం.

పక్క తడపడం గురించి. రాత్రి మూడుసార్లు అంటే ఇంట్లోవాళ్ళకి చెప్పు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో డాక్టరు చూడాలి. సాయంత్రం నుంచి నీళ్ళు మానిపించమని మన తోటి ఆయాలే నీకు సలహా ఇస్తారు. విన్నావంటే చూడు! నీళ్ళు తగ్గితే ఇన్ఫెక్షనూ పెరుగుతుంది, మలబద్ధకమూ వస్తుంది. పడుకునే ముందు బెడ్‌ప్యాన్ పెట్టు, మధ్యలో ఒక టైము పెట్టుకుని నువ్వే అడుగు. ఎలాగూ ఒత్తిగిలించడానికి రెండు గంటలకోసారి లేవాలి. నడుం కింద, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే రుద్దకు. మా రోజుల్లో స్పిరిట్ పోసి రుద్దించేవారు. అది పుండుని తొందరగా తెప్పిస్తుందని ఇప్పుడు చెబుతున్నారు. ఆ పక్క ఆన్చకుండా ఉంచు, ఇంట్లోవాళ్ళని ఎయిర్ బెడ్ అడుగు. పక్షవాతంతో పూర్తిగా మంచానపడ్డవాళ్ళకి మన ప్రభుత్వం 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తోంది. వాళ్ళు సచివాలయంలో అడిగారో లేదో కనుక్కో.

ఇప్పుడు నువ్వు అరిచిన సంగతి. నేను చేసింది విను.

విజయనగరంలో నా మొదటి ఇల్లు, అయ్యకోనేరు దగ్గర. మామ్మకి మోకాళ్ళ దాకా జుట్టు. మంచాన పడ్డాక చిక్కులు కట్టేసింది, పేలు పట్టాయి. కోడలు కత్తెర తెచ్చి "కత్తిరించేయ్ ఆయమ్మా, నీకూ సుళువు" అంది. నిజంగానే సుళువు. మెడ దాకా కత్తిరించేశాను, పావుగంట పని. నేనుగానీ, కోడలుగానీ, కొడుకుగానీ ఒక్కరం ఆవిణ్ణి అడగలేదు. ఆవిడకి మాట బాగానే వచ్చు, అదీ నా పాపం. కత్తిరిస్తున్నంతసేపూ ఏమీ అనలేదు. అయిపోయాక బాగున్న చెయ్యి వెనక్కి పెట్టి మెడ తడుముకుంది. ఇంకా కిందకి తడుముకుంది, వీపు మీద జడ ఉండే చోట. ఆ తరవాత మూడు రోజులు అన్నం ముట్టలేదు. నేను ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. చాలా మంచిదాన్ని అనిపించుకున్నాను ఆ ఇంట్లో. నాలుగోరోజు కుర్చీ దగ్గరగా లాక్కుని "మామ్మా, అడక్కుండా కోసీసినాను, తప్పయిపోయింది" అన్నాను. ఆవిడ చాలాసేపు చూసి, "పెళ్ళినాడు మా అత్తగారు ఏసిన జడ" అంది. అంతే. ఆ పూట జావ తాగింది.

నువ్వు కూడా వెళ్ళి చెప్పు. మాట పోయినవాళ్ళకి మన మాట అర్థం అవడం పోతుందని లేదు. చాలామందికి బాగానే అర్థమవుతుంది. అరిచినందుకు చెప్పు, చెయ్యి విదిలించినందుకు చెప్పు. ఆవిడ మళ్ళీ "నీ జిమ్మడ" అనొచ్చు. అననీ.

మానేయాలా అని అడిగావు. దీనికోసమైతే వద్దు. నీ ఉత్తరంలో నాకు దయ లేకపోవడం కనబళ్ళేదు, నిద్ర లేకపోవడం కనబడింది. రాత్రి మూడుసార్లు లేచి, పగలంతా నిలబడి, ఎన్ని నెలలు? పగలు మూడు గంటలు తలుపేసుకుని పడుకునే ఏర్పాటు గానీ, రాత్రికి వేరే మనిషి గానీ ఉండాలని ఏజెన్సీకి చెప్పు. వాళ్ళు వినకపోతే ఆ ఇంటివాళ్ళకే చెప్పు. చెయ్యి లేస్తున్నట్టు అనిపించిన క్షణాన మామ్మని భద్రంగా పడుకోబెట్టి, మంచం పక్క కమ్మీలు ఎత్తి, పెరట్లోకి వెళ్ళిపో. అయిదు నిమిషాలు. మనసు మరీ బరువైతే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మళ్ళీ చెయ్యి లేచిందంటే మాత్రం ఆ ఇల్లు మానేయ్. ఆవిడ మంచిదీ, నీ మంచిదీ.

ప్రశ్న: మా నాన్నగారు శ్రీకాకుళంలో ఉంటారు, రిటైర్డ్ హెడ్మాస్టరు. డిమెన్షియా అన్నారు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. రోజూ సాయంత్రం "మీ అమ్మ ఏదిరా?" అని వెతుకుతారు. ఆయా "అరసవల్లి వెళ్ళారు, వచ్చేస్తారు" అంటోంది. అబద్ధం చెప్పొద్దన్నాను. ఇంకోటి, ఆవిడ నాన్నగారిని "బుజ్జీ, కన్నా, ఆం తిను" అంటూ ఉంటుంది. ప్రేమగానే ఉంటుంది, కాదనను. కానీ ఫోన్లో వింటుంటే నాకు ఏదోలా ఉంటుంది. నేను అతిగా ఆలోచిస్తున్నానా?
- బెంగళూరు

జవాబు: బాబూ, మీరు అబద్ధం గురించి ఎక్కువ బాధపడి, బుజ్జి గురించి తక్కువ బాధపడుతున్నారు. నాకైతే రెండోదే పెద్ద తప్పు.

ఆయనకి ఇవాళ ఏ వారమో తెలియకపోవచ్చు. తను ఎవరో తెలుసు. ముప్ఫయ్యేళ్ళు బడిలో అడుగు పెడితే పిల్లలు లేచి నిలబడ్డ మనిషి. ఆయన్ని మాస్టారూ అనే పిలవాలి. ఆయాకి కోపంగా చెప్పకండి, ఆవిడకి పసిపిల్లల్ని ముద్దు చెయ్యడం తెలుసు కాబట్టి అదే చేస్తోంది. "మా నాన్నగారిని అందరూ మాస్టారూ అనేవారు, మీరూ అలా అంటే ఆయనకి బాగుంటుంది" అనండి చాలు. పళ్ళెం ముందు పెట్టి "ఆం తిను" అనే బదులు "మాస్టారూ, భోజనానికి కూచుందామా" అని చూడమనండి. చెంచా ఆయన చేతికి ఇవ్వమనండి, చొక్కా మీద పడితే పడుతుంది.

అరసవల్లి సంగతి. నేను సత్యహరిశ్చంద్రుణ్ణి కాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి దిగిపోయిన పెద్దాయన ఒకరు నా దగ్గర ఉండేవారు. రోజూ తెల్లవారుజామున లేచి చొక్కా వేసుకుని షిఫ్టుకి బయల్దేరేవారు. "నువ్వు రిటైరై ఇరవై ఏళ్ళయింది" అని కొడుకు చెబితే తిరగబడేవారు. నేను టీ గ్లాసు ఇచ్చి "ఇంకా కూత వెయ్యలేదు బాబూ, కూకోండి" అనేదాన్ని. కూర్చునేవారు. టీ తాగేసరికి షిఫ్టు మరిచిపోయేవారు. అబద్ధమే. ఒప్పుకుంటాను.

మీ అమ్మగారి విషయంలో "పోయారు నాన్నా" అని రోజూ చెప్పడం మాత్రం వద్దు. మీకు నాలుగేళ్ళ కిందటి సంగతి, ఆయనకి ఆ సాయంత్రమే మొదటిసారి వింటున్న సంగతి. రోజుకోసారి పెళ్ళాన్ని పోగొట్టుకోమనడం ఎందుకు? అలాగని అరసవల్లి మాట కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. "వచ్చేస్తారు" అంటే ఆయన గుమ్మంలో నిలబడి చూస్తారు. దీపాలు పెట్టేవేళకీ రాకపోతే కంగారు పడతారు. ఆ కంగారు ఆయా తెచ్చిపెట్టిందే. "అమ్మగారు గుర్తొచ్చారా మాస్టారూ?" అని మొదలుపెట్టమనండి. "పనసపొట్టు కూరలో ఆవాలు ఎక్కువ పెట్టేవారా, తక్కువా?" మీకు తెలిసిన పది సంగతులు రాసి ఆయాకి పంపండి. ఆవిడకి మీ అమ్మగారి గురించి ఏం తెలుస్తుంది, రాకముందే పోయారు కదా. ఏరోజైనా ఆయన కళ్ళలోకి చూసి "పోయింది కదూ?" అని సూటిగా అడిగితే, ఆరోజు అబద్ధం చెప్పకూడదు. అవునని చెప్పి చెయ్యి పట్టుకుని కూర్చోవాలి.

ఈ జబ్బులో చాలామందికి పొద్దుగూకే వేళకి గాభరా పెరుగుతుంది. చీకటి పడకముందే లైట్లు వెయ్యమనండి. ఆ గంటకి ఆయనకి ఏదో పని ఉండాలి. ఒక రూళ్ళ పుస్తకం, ఎర్ర పెన్ను ఇప్పించండి. ఆయా ఏ కూరగాయల చిట్టానో తప్పుల్తో రాసి "దిద్దండి మాస్టారూ" అంటే సరి. మా దగ్గర ఒక లెక్కల మాస్టారు ఉండేవారు, నా చిట్టాకి ఎప్పుడూ పాస్ మార్కులు వెయ్యలేదు. మీరు రోజూ ఫోన్ చేసేది ఎన్నింటికి? దాన్ని ఆ సాయంత్రానికి మార్చండి.

ప్రశ్న: అక్కా, మాది కవిటి మండలం. మా ఆయనకి వారానికి మూడు డయాలసిస్‌లు. ఇంటెనక కొబ్బరి చెట్లు, తిత్లీ తుఫానులో పోయినవి పోగా మిగిలినవి కొన్ని, తరవాత ఆయన వేసినవి కొన్ని. మొన్నే కాపుకొచ్చాయి. "ఒక్క బొండాం కొట్టీయే" అని చిన్నపిల్లాడిలా బతిమాలతాడు. నీళ్ళు కూడా కొలిచి ఇయ్యమన్నారు డాక్టర్లు. ఇయ్యనంటే "శత్రువుకైనా నీళ్ళిస్తారు" అంటాడు. ఇస్తే దయా, ఇయ్యకపోతే దయా? నాకు తెలీడం లేదు.
- కవిటి

జవాబు: చెల్లీ, మీ ఉద్దానంలో కొబ్బరి చెట్టు కింద కూర్చున్న మనిషికి కొబ్బరి నీళ్ళు వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా బొండాం ఇవ్వకు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ. పనిచెయ్యని కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. ఒక్కటేగా అనుకుని ఇచ్చిన ఒక్కటే ఆ ఒక్కటి కావచ్చు. దీంట్లో బేరం లేదు.

నీళ్ళ విషయంలో మాత్రం నువ్వు పోలీసులా నిలబడక్కర్లేదు. రోజుకి ఎంతన్నారో అంత కొలిచి పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికి ఇచ్చెయ్. ఆ సీసా ఆయనది. టీ తాగితే అంత టీ మేరకి సీసాలోంచి నీళ్ళు ఆయనే పారబొయ్యాలి. అంబలి తాగినా అంతే, మజ్జిగ తాగినా అంతే. సాయంత్రానికి ఎంత మిగిలిందో చూసుకునేది ఆయన. చెంబు దాచేసి చిన్న గ్లాసు పెట్టు. అదే గుక్కెడు చెంబులో అడుగున కనబడితే మనిషికి ఏడుపొస్తుంది, చిన్న గ్లాసు నిండుగా కనబడుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మెయ్యమను. ఐసు ముక్క చప్పరించొచ్చు, కానీ అదీ నీళ్ళ లెక్కే.

అసలు దాహం ఎక్కణ్ణుంచి వస్తోందో చూశావా? ఇంట్లో ఎండుచేపలు, ఆవకాయ ఉన్నాయా? ఉప్పు తింటే దాహం వేస్తుంది. ఉప్పు తగ్గించకుండా నీళ్ళు తగ్గించమంటే ఏ మనిషి వల్ల అవుతుంది? ఇంటిల్లిపాదికీ చప్పగానే వండు, పక్కన కూర్చుని నువ్వు పచ్చడి కలుపుకోకు. కూరగాయలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఏ కూర ఎంతన్నది డయాలసిస్ సెంటర్లో అడుగు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి, దాంతోపాటు పరిశోధన కేంద్రం తెరిచారు కదా, దూరం అనుకోకు.

ఫిస్టులా పెట్టిన చేతికి, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చేతికి, బీపీ పట్టా కట్టనివ్వకు, సూది గుచ్చనివ్వకు. ఆ చేత్తో బరువులు మొయ్యకూడదు, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకూడదు. రోజూ పొద్దున్నే నీ వేళ్ళు దానిమీద పెట్టి చూడు, జుమ్మని కొట్టుకుంటూ ఉండాలి. అది ఆగిపోతే అన్నం కూడా తినకుండా సెంటర్‌కి బయల్దేరండి. ఈ వంకన రోజుకోసారి ఆయన చెయ్యి పట్టుకోవడం కూడా అవుతుంది.

డయాలసిస్ అయిన రోజు ఆయనతో ఏ కబురూ పెట్టుకోకు. నాలుగ్గంటలు రక్తం యంత్రంలో తిరిగి, ఆపైన ఆటోలో కుదుపులు తిని వచ్చిన మనిషి. పడుకోనీ.

బొండాం మాటకి మళ్ళీ వస్తాను. ఆయన అడుగుతున్నది నీళ్ళే కాదేమో, చెల్లీ. తుఫానులో తోట పోయాక మళ్ళీ గొయ్యి తవ్వి వేసిన చెట్లు. కాపు వచ్చేసరికి తను తాగకూడదన్నారు. మొదటి గెల దింపినప్పుడు ఎవరికి ఇవ్వాలో ఆయన్నే చెప్పమని అడుగు. కొందరికి తన చేత్తో పంచితే తృప్తిగా ఉంటుంది, కొందరికి కడుపు కోత. నీ మొగుడు ఏ రకమో నీకే తెలుస్తుంది. వద్దంటే ఆయన నిద్రపోతున్నప్పుడు దింపించు.

ఒక్క మాట అడుగుతాను. నువ్వు క్రియాటినిన్ పరీక్ష, అదే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష, చేయించుకున్నావా? మీ వైపు ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం మీరు చూస్తూనే ఉన్నారు. ఉత్తరం నిండా ఆయనే ఉన్నాడు. ఈసారి సెంటర్‌కి వెళ్ళినప్పుడు నీ రక్తం కూడా ఇచ్చి రా.

ప్రశ్న: నేను చూసుకుంటున్న అమ్మగారు తన ఉంగరం నాకు ఇస్తానంటున్నారు, ఎవరికీ చెప్పొద్దంటున్నారు. తీసుకోకపోతే బాధపడతారేమో.
- రాజాం

జవాబు: తీసుకోకు. "ఎవరికీ చెప్పొద్దు" అన్న చోటే ఆగిపోవాలి. రేపు ఆవిడే మరిచిపోయి ఉంగరం పోయిందంటే నీ సంచీ వెతుకుతారు. ఆవిడ బాధపడతారన్నది నిజమే, అంచేత వట్టి చేతుల్తో కాదనకు. ఆవిడ చేత్తో ఒక ఊరగాయ పాఠమో, పాటో, ముగ్గో నేర్పమని అడుగు. బొబ్బిలి వైపు ఒకావిడ నాకు అలాగే కుట్టు నేర్పింది. ఇప్పటికీ నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను.

ప్రశ్న: మా అత్తగారికి ఆయాని పెట్టి ఎనిమిది నెలలు. పని చేస్తుంది, కానీ మనసు పెట్టదు. ఖాళీ దొరికితే ఫోన్ చూస్తుంది. అత్తగారితో నాలుగు మంచి మాటలు మాట్లాడదు. అడిగినంత జీతం ఇస్తున్నాం. దయగా ఉండమని ఎలా చెప్పాలి?
- కంటోన్మెంట్, విజయనగరం

జవాబు: అమ్మా, చెప్పేముందు నాకు కొన్ని సంగతులు తెలియాలి. ఆవిడ ఎక్కడ పడుకుంటోంది? మంచం పక్కన నేలమీదా, చాప మీదా, దోమతెర ఉందా? ఎనిమిది నెలల్లో ఎన్ని రోజులు సెలవు ఇచ్చారు? టీ ఏ గ్లాసులో ఇస్తున్నారు, మీరు తాగేదాంట్లోనా, పెరట్లో బోర్లించి ఉంచే గ్లాసులోనా? ఫోన్లో ఎవరితో మాట్లాడుతోందో ఎప్పుడైనా అడిగారా? మాలో చాలామంది సొంత పిల్లల్ని కన్నోరింట్లో వదిలి వచ్చి మీ అమ్మల్ని చూస్తాం. ఫోన్లో బువ్వ తినిపిస్తాం.

మీరు చెడ్డవాళ్ళని అనడం లేదు. ఫోన్ చూస్తూ మందు టైము మరిచిపోతే అది తప్పే, గట్టిగానే అడగండి. మాట కరువైన మనిషికి మాట ఎక్కణ్ణుంచి వస్తుందని అంటున్నాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆవిడతో ఈ ఇంట్లో ఎవరైనా మాట్లాడేది "డైపర్ మార్చావా, టాబ్లెట్ వేశావా" అనేనా?

నా సంగతి చెబుతాను. ఈ ఊళ్ళో ఉన్న మొదటి ఆరేళ్ళు నేను సిరిమాను ఊరేగింపు చూడలేదు. దసరా తరవాత మంగళవారం పైడితల్లి అమ్మవారి పండగ, ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటుంది. ఇంటివాళ్ళు ముస్తాబై వెళ్ళిపోయేవారు. మంచం మీద మనిషినీ నన్నూ వదిలి బయట తాళం కూడా వేసేవారు ఒక ఇంట్లో. జనం హోరు కిటికీలోంచి వినబడితే సిరిమాను గుడి దగ్గర్నుంచి కోట దాకా ఒకసారి వెళ్ళింది, ఇప్పుడు తిరిగొస్తోంది అని లెక్కపెట్టుకునేదాన్ని. ఆరోజుల్లో ఆ మామ్మకి నేను ఎంత దయగా జావ పోశానో మీరే ఊహించుకోండి.

ఏడో ఏట వేరే ఇల్లు. ఆ ఇంటి అబ్బాయి, బ్యాంకులో పని, మధ్యాహ్నమే వచ్చేశాడు. "అమ్మ దగ్గర నేను కూచుంటాను, ఆయమ్మా, ఎల్లిరా" అన్నాడు. అతనికి బెడ్‌ప్యాన్ పెట్టడం రాదు. గుమ్మంలో నిలబడి నేర్పాను, సిగ్గుపడుతూ నేర్చుకున్నాడు. వెళ్ళాను. అంత పొడుగు మాను చివర పూజారి కూర్చుని ఊగుతూ వస్తుంటే జనమంతా అరటిపళ్ళు విసురుతున్నారు, నేనూ విసిరాను. తిరిగి ఇంటికొచ్చి రాత్రి పదకొండు దాకా ఆ అమ్మకి చెప్పాను, పళ్ళు ఎంత ఎత్తు వెళ్ళాయో, ఎవరి నెత్తిన పడ్డాయో. ఆవిడ నవ్వి నవ్వి దగ్గింది. ఆ ఇంట్లో నన్నెవరూ దయగా ఉండమని చెప్పలేదు, చెప్పాల్సిన పని పళ్ళేదు.

వచ్చే ఆదివారం ఆవిణ్ణి ఇంటికి పంపండి. ఆ ఒక్కరోజూ మీ అత్తగారి దగ్గర మీరు కూర్చోండి, పొద్దున్న ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా, ఆ కుర్చీలోనే. మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ తీశారో లెక్కపెట్టుకుని నాకు మళ్ళీ రాయండి.